మా ఊరి సముద్రం ఒడ్డున 90 మీటర్ల టవర్ కడతారట, కౌన్సిల్‌కి ఏం రాయమంటారు?

అమ్ములు వాళ్ళమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒక చిన్న ఊళ్ళో మేము పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఊరి పేరు రాయను. ఇక్కడ తెలుగు కుటుంబాలు నాలుగే, రాస్తే నేనెవరో ఇట్టే తెలిసిపోతుంది. నేను కేర్ హోమ్‌లో నర్సుని. మా వీధి చివర రోడ్డు దాటితే సముద్రమే. నైట్ డ్యూటీ అయ్యాక బస్సు దిగి, ఇంటికి పోకుండా ముందు ఆ గులకరాళ్ళ మీద ఒక పది నిమిషాలు కూర్చుంటాను. వానొస్తే బస్ షెల్టర్లో కూర్చునైనా చూస్తాను. రాత్రంతా చూసిన నొప్పులు, ఏడుపులు అక్కడ దింపుకుని ఇంట్లోకి అడుగుపెడతాను.

ఈమధ్య మా వీధి దీపం స్తంభానికి ఒక నోటీసు కట్టారు. పాత ఈతకొలను కూల్చేసిన ఖాళీ స్థలంలో 90 మీటర్ల అబ్జర్వేషన్ టవర్ కోసం కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, పెట్టిన ప్లానింగ్ అప్లికేషన్ (కట్టడానికి అనుమతి కోరే దరఖాస్తు). సన్నటి స్తంభం, దాని చుట్టూ గుండ్రటి గాజు గది, అది జనాన్ని ఎక్కించుకుని పైకి వెళ్ళి కిందికి దిగుతుందట. కింద చిన్న కెఫే, టికెట్ కౌంటర్. కామెంట్లు పంపడానికి 21 రోజులు. నేను చూసేసరికే తొమ్మిది అయిపోయాయి.

మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి, ఈ వీధిలోనే పుట్టింది. ఆ కొలనులోనే ఈత నేర్చుకుందట. "నేను పోయాక కట్టుకోమను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూలమీద ఫిష్ అండ్ చిప్స్ షాపాయన మాత్రం తలుపుకి టవర్ కావాలని పోస్టర్ అంటించాడు. నవంబర్ నుంచి మార్చి దాకా వారానికి మూడు రోజులే షాపు తెరుస్తాడు, ఆయన బాధ నాకు తెలుసు. హెయిర్ సెలూన్ అమ్మాయి "పార్కింగ్ ఎక్కడ పెడతారో చెబితే అప్పుడు చెబుతా" అంటోంది. మా అమ్ములుకి పద్నాలుగేళ్ళు. వాళ్ళ క్లాసంతా టవర్ వైపే. "అమ్మా, మనం వచ్చినప్పటినుంచీ ఈ ఊళ్ళో మూసేసినవే చూశాను, కొత్తగా కడతామన్నది ఇదొక్కటే" అంది. ఆ మాటకి నేను జవాబు చెప్పలేకపోయాను.

నాకైతే వద్దనే ఉంది. కానీ ఎందుకు వద్దో రాద్దామని కూర్చుంటే "నా సముద్రానికి అడ్డమొస్తుంది" అనే ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. అది స్వార్థమా? మా ఆయన "ఇది వాళ్ళ ఊరు, మనకెందుకు" అంటున్నారు. పదకొండేళ్ళు కౌన్సిల్ టాక్స్ కట్టాక కూడా వాళ్ళ ఊరేనా?

ఇలాంటి టవర్ ఉన్న సముద్రతీరం ఊళ్ళలో మనవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. కట్టకముందు జనం ఏమనుకున్నారు, కట్టాక ఏమైంది?

హోటల్ లెక్కలు

చెల్లెమ్మా, నేను 2011 నుంచి బ్రైటన్‌లో ఉంటున్నాను. సీఫ్రంట్ మీద ఒక హోటల్లో అకౌంట్స్ చూస్తాను. మా టవర్ కథ మొదటినుంచీ చూసినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు మీ ఆయన మాటకి. ప్లానింగ్ అప్లికేషన్ మీద ఎవరైనా కామెంట్ పెట్టవచ్చు. ఏ పాస్‌పోర్ట్ అని ఎవరూ అడగరు. పక్కింటావిడకి ఎంత హక్కుందో నీకూ అంతే ఉంది. ఒకటి గుర్తుపెట్టుకో, నువ్వు రాసేది కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. కోపంలో ఎవరి గురించీ ఏమీ రాయకు.

రెండోది, "నా సముద్రానికి అడ్డమొస్తుంది" అన్న వాక్యం. అది స్వార్థమేమీ కాదు, కానీ అక్కడ చెల్లదు. ఒక ఇంటినుంచి కనిపించే దృశ్యం పోతుందన్న కారణాన్ని ఇంగ్లండ్ ప్లానింగ్‌లో లెక్కలోకి తీసుకోరు. ఇళ్ళ మీద నీడ పడడం, పైనుంచి బెడ్‌రూముల్లోకి చూపు పడడం, చప్పుడు, రాత్రి లైట్లు, ట్రాఫిక్, పార్కింగ్, చుట్టుపక్కల పాత భవనాల అందం చెడడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకని ఆ సెలూన్ అమ్మాయి అడిగిన పార్కింగ్ మాటే మీ అందరి మాటల్లోకి బలమైనది.

ఇక మా ఊరి సంగతి. బ్రైటన్‌లో 1866లో తెరిచిన వెస్ట్ పియర్ అని ఒకటుండేది, సముద్రంలోకి వంతెనలా కట్టిన వినోద స్థలం. 1975లో మూసేశారు, 2003లో రెండుసార్లు తగలబడింది. ఇప్పుడు నీళ్ళలో ఇనప అస్థిపంజరం మాత్రమే మిగిలింది. ఆ పియర్ మొదలయ్యే చోట ఐ360 టవర్ కడతామన్నారు. లండన్ ఐ అనే పెద్ద జెయింట్ వీల్ డిజైన్ చేసిన భార్యాభర్తలు డేవిడ్ మార్క్స్, జూలియా బార్ఫీల్డే దీన్నీ డిజైన్ చేశారు. ప్లానింగ్ అనుమతి 2006లోనే వచ్చింది. తర్వాత 2008లో బ్యాంకులు కుదేలయ్యేసరికి డబ్బులిచ్చేవాళ్ళు లేకుండాపోయారు. నేను వచ్చేనాటికి ఊళ్ళో చాలామంది ఆ టవర్ ఇక రాదనే అనుకుంటున్నారు.

అప్పుడు కౌన్సిల్ ముందుకొచ్చింది. ప్రభుత్వం దగ్గర తక్కువ వడ్డీకి తెచ్చి, టవర్ కంపెనీకి ఎక్కువ వడ్డీకి ఇస్తే మధ్యలో ఏటా సుమారు మిలియన్ పౌండ్లు ఊరికి మిగులుతాయని లెక్క. మొత్తం ఖర్చు 46 మిలియన్లు, అందులో 36 మిలియన్లు ఈ అప్పే. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను కూడా ఇది మంచి లెక్కే అనుకున్నాను. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. సందర్శకులు ఏడాదికి ఏడు లక్షలకు పైగా వస్తారన్న అంచనా నిజమైతే అంతా సరిపోతుంది.

2015 వేసవిలో ఉక్కు గొట్టాలు సముద్రం మీదుగా మా బీచ్‌కి వచ్చాయి. ఒకదానికొకటి బిగించి 162 మీటర్లు లేపారు. రోజూ పనికి వెళ్ళేటప్పుడు ఆగి చూసేవాణ్ణి. 2016 ఆగస్టు 4న తెరిచారు. మా అమ్మ ఇండియానుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. గాజు గది 138 మీటర్ల దాకా మెల్లగా లేస్తుంటే, కుదుపు లేదు, చప్పుడు లేదు, ఆవిడ నా చెయ్యి వదల్లేదు. పైకెళ్ళాక ఒకవైపు కొండలు, ఒకవైపు పెంకుటిళ్ళ వరసలు, కింద ఆ కాలిన పియర్. "మీ హోటల్ ఏదిరా" అని వెతికింది. నాకు ఆ టవర్ అంటే కోపం లేదమ్మా. ఉన్న మంచి కూడా చెప్పాలి కదా.

కానీ మొదటి ఏడాది వచ్చింది ఏడు లక్షలు కాదు, సుమారు ఐదు లక్షలు. కొత్త మోజు ఉన్న ఏడాదే అంత. తర్వాత తగ్గింది. ఒకసారి ఎక్కినవాళ్ళు రెండోసారి ఎందుకు ఎక్కుతారు? పైన కనిపించేది అదే సముద్రం. కంపెనీ అప్పు వాయిదాలు కట్టడం తప్పడం మొదలైంది, మీద కరోనా వచ్చింది, వడ్డీ పెరిగింది. 36 మిలియన్ల అప్పు 51 మిలియన్లయింది. 2024 నవంబర్లో కంపెనీ చేతులెత్తేసింది, డిసెంబర్లో టవర్ మూతపడింది. కొత్త ఏడాదిలో ఒక బార్ల కంపెనీ కొనుక్కుంది, మళ్ళీ తెరిచింది. ఆ అమ్మకంలో వచ్చింది లక్షా యాభై వేల పౌండ్లు. అంకె సరిగ్గానే రాశాను. కంపెనీ బాకీ మాఫీ అయినా, కౌన్సిల్ తాను తెచ్చిన అప్పు తీర్చుకోవాల్సిందే.

ఇందులో నేను నేర్చుకున్నది ఒకటుంది. టవర్ కట్టనివ్వాలా అన్న ప్రశ్నకి ఒక గుమ్మం, టవర్‌కి ఊరి డబ్బు పెట్టాలా అన్నదానికి ఇంకో గుమ్మం. జనమంతా మొదటి గుమ్మం దగ్గర బారులు తీరారు. అందంగా ఉంటుందా, వికారంగా ఉంటుందా, గాజుముక్క గుచ్చిన స్తంభంలా ఉంటుందా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. రెండో గుమ్మం దగ్గర నిలబడి "నాలుగో ఏడు జనవరిలో ఎంతమంది ఎక్కుతారు?" అని గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. హోటల్ పద్దు రాసేవాడిగా నేనే ఆ ప్రశ్న అడగలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది. జనవరి నెల నాకు తెలియనిదా?

మీ దగ్గర కౌన్సిల్ ఏమైనా అప్పు ఇస్తోందా, స్థలం ఉత్తినే ఇస్తోందా, హామీ సంతకం పెడుతోందా అన్నది ముందు తెలుసుకో. అది ప్లానింగ్ కామెంట్లో రాస్తే పక్కన పెట్టేస్తారు. చాలా కౌన్సిళ్ళలో మీటింగులకి ముందే ప్రశ్న పంపి, వెళ్ళి అడిగే వీలుంటుంది. అది అక్కడ అడగాలి.

ఇంకొక్క విషయం. ఒడ్డున నిలిచిన టవర్లు ఏవి అని చూస్తే బ్లాక్‌పూల్ కనిపిస్తుంది. 1894లో తెరిచారు, 158 మీటర్లు, ఇప్పటికీ జనం వస్తున్నారు. కానీ దాని కాళ్ళ దగ్గర ఏముందో చూడు. సర్కస్, పెద్ద డాన్స్ హాలు, అన్నీ కప్పు కిందే. వాన పడితే బయటి వాళ్ళు కూడా లోపలికి వస్తారు. లివర్‌పూల్ ఎదురుగా న్యూ బ్రైటన్‌లో దానికంటే ఎత్తైనది, 173 మీటర్లది కట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో పట్టించుకునేవాళ్ళు లేక తుప్పుపట్టింది, 1919లో విప్పడం మొదలుపెట్టారు. పట్టుమని పాతికేళ్ళు నిలవలేదు. కింద ఉన్న డాన్స్ హాలు మాత్రం ఇంకో యాభై ఏళ్ళు నడిచింది, 1969లో తగలబడేదాకా. బీటిల్స్ కూడా అక్కడ చాలాసార్లు పాడారు.

నువ్వు చెప్పినదాంట్లో నన్ను భయపెట్టింది 90 మీటర్లు కాదమ్మా, "కింద చిన్న కెఫే" అన్న మాట.

ఉప్పుగాలి

అక్కా, నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, స్తంభాలు, మాస్ట్‌లు చూస్తుంటాను. డబ్బు సంగతి అన్నయ్య చెప్పారు. నేను గాలి గురించి, ఎత్తు గురించి చెబుతాను.

గుండ్రటి సన్నటి స్తంభాన్ని గాలి దాటేటప్పుడు దాని వెనక ఒక సుడి ఎడమనుంచి, ఒక సుడి కుడినుంచి మార్చి మార్చి విడిపోతుంటాయి. ఆ మార్పు స్తంభం సహజంగా ఊగే లయతో కలిసిందంటే, గాలి వీచే దిక్కుకి అడ్డంగా స్తంభం ఊగుతుంది. ఐ360 స్తంభం వ్యాసం సుమారు 4 మీటర్లే, ఎత్తు దానికి నలభై రెట్లు. అందుకే ఆ సుడులు కుదురుకోకుండా చుట్టూ చిల్లుల అల్యూమినియం తొడుగు వేశారు, లోపల ద్రవం నింపిన డాంపర్లు పెట్టారు. స్తంభం ఒకవైపు ఊగితే ద్రవం ఆలస్యంగా అటు కదిలి ఊపుని మింగేస్తుంది. కాబట్టి సరిగ్గా కడితే పడిపోతుందన్న టెన్షన్ వద్దు. పడిపోదు. కానీ గాలి ఒక హద్దు దాటితే గాజు గదిని నడపరు. ఆ రోజు టికెట్లు ఉండవు.

మీరు అడగాల్సింది అది. ఆ స్థలంలోనే, ఆ ఎత్తులో గాలిని ఎన్నాళ్ళు కొలిచారు? ఏడాదిలో ఎన్ని రోజులు నడపలేరని తేలింది? ఆదాయం లెక్కలో ఆ రోజులు తీసేశారా? దూరంగా ఎక్కడో విమానాశ్రయంలో కొలిచిన గాలి చూపిస్తే ఒప్పుకోవద్దు.

ఎత్తు గురించి ఒక చిన్న లెక్క. ఒడ్డున నిలబడిన మనిషి కంటికి సముద్రం అంచు దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 45 మీటర్లు ఎక్కితే 24 కిలోమీటర్లు. 90 ఎక్కితే 34. బ్రైటన్ 138కి 42. ఎత్తు రెట్టింపయినా చూపు రెట్టింపు కాదు, వర్గమూలం చొప్పున పెరుగుతుంది. అదికూడా గాలిలో తేమ లేని రోజున. కానీ ఖర్చు, గాలి బలం ఇవి అలా మెల్లగా పెరగవు. పైగా ఒడ్డున ఎక్కితే చుట్టూ కనిపించేదాంట్లో సగం ఉత్త నీళ్ళే. జనం నిజంగా వెతికేది వాళ్ళ హోటల్ని, వీధుల్ని, పడవల్ని. అన్నయ్య వాళ్ళమ్మగారు వెతికినట్టు. దానికి 90 మీటర్లే ఎందుకు కావాలో అడగండి.

చివరగా తుప్పు. బ్లాక్‌పూల్ టవర్‌కి మొదటి ముప్పై ఏళ్ళు రంగు సరిగ్గా వెయ్యలేదు. ఉక్కు ఎంత తినేసిందంటే 1921 నుంచి 1924 దాకా భాగాలు మార్చుకుంటూ వచ్చారు. ఉప్పుగాలి సెలవు తీసుకోదు. కంపెనీ మూతపడ్డాక రంగు ఎవరు వేస్తారు? విప్పాల్సి వస్తే ఎవరు విప్పుతారు? అనుమతి ఇచ్చేటప్పుడే విప్పే ఖర్చుకి డబ్బు డిపాజిట్ పెట్టించే షరతు అడగవచ్చు. వేల్స్‌లో రిల్ అనే ఊళ్ళో 73 మీటర్ల టవర్ 2010లో మూసేశాక ఎక్కేవాళ్ళు లేక అలాగే నిలబడి ఉంది, తర్వాత లైట్లు పెట్టి దీపస్తంభంలా వాడుతున్నారు. వేమత్‌లో 2012లో తెరిచిన 53 మీటర్లది మాత్రం 2019లో శుభ్రంగా విప్పి తీసుకుపోయారు. ఆ రెండిట్లో మీ ఊరికి ఏది జరగాలో ముందే రాయించుకోవాలి.

పోర్ట్స్‌మత్ కుర్రాడు

అందరూ భయపెట్టేస్తున్నారు, నేను వేరే వైపు చెబుతాను అక్కా. మా ఊళ్ళో స్పిన్నకర్ టవర్ ఉంది, 170 మీటర్లు, తెరచాపలా ఉంటుంది. 2000 సంవత్సరం కోసం అనుకున్నది 2005 అక్టోబర్లో గానీ తెరవలేదు. తెరిచిన రోజే బయటి గాజు లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి, ప్రాజెక్ట్ మేనేజరే గంటన్నర దాకా అందులో ఇరుక్కుపోయాడు. ఊరంతా తిట్టుకున్నారు. నేను యూనివర్సిటీకి వచ్చినప్పుడు కూడా ముసలివాళ్ళు అదే కథ చెప్పేవాళ్ళు.

కానీ 2015లో ఏమైందో వినండి. ఒక విమానాల కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది, టవర్‌కి ఎరుపు తెలుపు రంగులు వేస్తామన్నారు. ఎరుపు తెలుపు సౌతాంప్టన్ ఫుట్‌బాల్ టీమ్ రంగులు. పక్క ఊరి వాళ్ళ రంగులు మా టవర్‌కా అని పది వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. చివరికి రంగు మార్చి నీలం, బంగారు రంగు వేశారు. పదేళ్ళ క్రితం తిట్టినవాళ్ళే "మా టవర్" అన్నారు. నాకు అది చాలా నచ్చుతుంది.

కారణం ఉంది. మొదట్లో మూడు డిజైన్లు పెట్టి ఏది కావాలని ఊరివాళ్ళనే అడిగారు. తెరచాప వాళ్ళు ఎంచుకున్నదే. పక్కనే పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది, స్టేషన్ నడక దూరం, పాత యుద్ధనౌకలు చూడ్డానికి ఎలాగూ జనం వస్తారు. టవర్ కోసమే రారు, వచ్చినవాళ్ళు టవర్ ఎక్కుతారు. మీ ఊళ్ళో ఎవర్నైనా డిజైన్ అడిగారా? మీ అమ్ములు క్లాసు పిల్లల్ని అడిగారా? అడక్కుండా తెచ్చి పెట్టారంటే నేను కూడా ఒప్పుకోను.

అమ్ములు వాళ్ళమ్మ

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి డ్యూటీలో బ్రేక్‌లో కూర్చుని మొత్తం రెండుసార్లు చదివాను.

నిన్న లైబ్రరీలో కంపెనీవాళ్ళు బొమ్మలు పెట్టి కూర్చున్నారు, వెళ్ళాను. అన్ని బొమ్మల్లో ఎండే ఉంది. ఒక్క బొమ్మలో కూడా గొడుగు లేదు. జనవరిలో ఎంతమంది వస్తారని అడిగాను. ఒకాయన "ఏడాది సగటు" చెప్పాడు. నెలవారీ లెక్క కావాలన్నాను, పంపిస్తామని ఈమెయిల్ రాసుకున్నారు. గాలి ఎక్కడ కొలిచారంటే అతనికి తెలియలేదు, ఇంకొకాయన్ని పిలిచాడు, ఆయనకీ తెలియలేదు. డిజైన్ ఎవర్ని అడిగారంటే "ఇప్పుడు అడుగుతున్నాం కదా" అన్నారు. అన్నయ్యా, ఒక సందేహం. ఇది పూర్తిగా ప్రైవేటు, కౌన్సిల్‌కి పైసా ఖర్చు లేదు అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. అలాంటప్పుడు రెండో గుమ్మం ఉండదు కదా?

హోటల్ లెక్కలు

ఉంటుందమ్మా. తమ్ముడి ఊరి టవర్‌కి కూడా కౌన్సిల్ పైసా పెట్టనక్కర్లేదనే మొదలుపెట్టారు. చివరికి 35 మిలియన్లు దాటిన ఖర్చులో 11 మిలియన్లు కౌన్సిల్ పెట్టింది. మా బ్రైటన్‌లో కూడా మొదటి ప్లాన్ ప్రైవేటు డబ్బుతోనే. మోసం జరిగిందని నేను అనడం లేదు. సగం దాకా వచ్చాక ఆగితే ఊరి పరువు పోతుందని, ఆ స్థలం పాడుపడుతుందని భయం వేస్తుంది. అప్పుడు సంతకం పెట్టడం తేలిక.

అందుకని "ఇప్పుడు ఇస్తున్నారా" అని అడగకు. "ఎప్పటికీ అప్పు గానీ హామీ గానీ ఇవ్వబోమని మీటింగులో నమోదు చేస్తారా" అని అడుగు. అలా మాటివ్వలేం అంటే, ఎందుకు ఇవ్వలేరో వాళ్ళే చెప్పాల్సి వస్తుంది. ఆ స్థలం లీజు కాగితం కూడా అడుగు. కంపెనీ మూతపడితే స్తంభం ఎవరిదవుతుందో అందులో ఉంటుంది.

నెలవారీ లెక్క వస్తే నాకు మెసేజ్ పెట్టు, చూసి పెడతాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే.

అమ్ములు వాళ్ళమ్మ

పంపేశాను. పద్దెనిమిదో రోజున. మీ ముగ్గురి మాటలూ అందులో ఉన్నాయి కాబట్టి ఏం రాశానో చెబుతాను.

ఆబ్జెక్షన్ అనే పెట్టాను. సముద్రం కనిపించదన్న మాట రాయలేదు. సాయంత్రం నీడ మా వీధిలో ఏ ఇళ్ళ మీద పడుతుందో చలికాలం బొమ్మ చూపించలేదని రాశాను. పైనుంచి కేర్ హోమ్ గదుల్లోకి చూపు పడుతుందని రాశాను. ఇది మీరెవరూ చెప్పలేదు, రాస్తుంటే నాకే తట్టింది. మా హోమ్ రెండో అంతస్తు కిటికీలన్నీ అటే. అక్కడ మంచం దిగలేనివాళ్ళకి కర్టెన్ తీసి ఉంచడమే పెద్ద సుఖం. వాళ్ళ వైపు రాత్రి తొమ్మిది దాకా జనంతో నిండిన గాజు గది తిరుగుతుంటే కర్టెన్ వెయ్యాల్సి వస్తుంది. మా మేనేజర్‌కి చెప్పాను, ఆవిడ కూడా విడిగా రాస్తానంది. తర్వాత పార్కింగ్, గాలి కొలతలు, విప్పే ఖర్చుకి డిపాజిట్. ఆఖర్న, ఎత్తు సగం చేసి ఆ డబ్బుతో కింద కప్పు ఉన్న ఈతకొలను కట్టే ప్లాన్ తెస్తే నేనే సపోర్ట్ రాస్తానని రాశాను.

ఆ వాక్యం చదివి వినిపిస్తే పక్కింటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కామెంట్ నన్నే టైప్ చెయ్యమంది. ఆవిడ చెబుతుంటే కొట్టాను. కొలను నీళ్ళు ఎంత చల్లగా ఉండేవో, యుద్ధం అయిన తర్వాత మొదటి వేసవి ఎలా తెరిచారని వాళ్ళ నాన్న చెప్పేవాడో, అవన్నీ. అవి లెక్కలోకి రావని నాకు తెలుసు. తీసెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు, పార్కింగ్ గురించి ఒక వాక్యం చివర్లో కలిపాను.

చిప్స్ షాపాయన పోస్టర్ తియ్యలేదు. కానీ జనవరి లెక్క వస్తే తనకీ చూపించమన్నాడు. వచ్చే మంగళవారం కౌన్సిల్ మీటింగ్‌కి ప్రశ్న పంపాను, మా ఆయన కారులో తీసుకెళ్తానన్నారు. లోపలికి కూడా వస్తారట.

అమ్ములు నా కామెంట్ కింద తనది పెట్టింది. సపోర్ట్. "మా వయసువాళ్ళకి ఇక్కడ సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళడానికి ఏమీ లేదు, ఏదో ఒకటి కట్టండి, కానీ డిజైన్ మమ్మల్ని అడగండి" అని రాసింది. ఒకే అడ్రస్ నుంచి ఒక ఆబ్జెక్షన్, ఒక సపోర్ట్. కౌన్సిల్ నుంచి రెండిటికీ అందినట్టు ఈమెయిల్స్ వచ్చాయి.